నిలబడి చెప్పకూడని కబురు

మా ఊళ్లో చావు కబురు నిలబడి చెప్పరు. దారిలో చెప్పరు, కిటికీలోంచి చెప్పరు, ఫోన్లో అసలు చెప్పరు. కబురు మోసుకొచ్చినవాళ్లు ముందు ముంగిట్లో కూర్చోవాలి. ఇంటివాళ్లు నీళ్లిస్తారు. అవి తాగాక, "ఇక్కడంతా చల్లగానే ఉంది, మీరే పనిమీద వచ్చారు?" అని అడుగుతారు. అప్పుడు విప్పాలి నోరు. మోసుకొచ్చేది కూడా ఎవడు పడితే వాడు కాదు, తల్లివైపు వంశానికి పెద్ద అయిన మేనమామ రావాలి. ఆయన నోట మాట పడేదాకా ఆ చావు జరగనట్టే లెక్క. ఊరంతటికీ తెలిసిపోయినా సరే, ఆ ఇంటి మనిషి ఏడవకూడదు, ఆ మనిషితో ఎవరూ "దుయె" అనకూడదు. దుయె అనేది మా అకాన్ జనం సంతాపం చెప్పే మాట. కబురు అందకముందే ఆ మాట అన్నవాడిని, చావు ఎప్పుడొస్తుందా అని కాచుకు కూర్చున్నవాడికింద జమకడతారు.

ఇదంతా చాదస్తమని నవ్వేవాళ్లున్నారు. నవ్వుకోండి. కూర్చున్న మనిషి పడి తల పగలగొట్టుకోదు. పక్కన మేనమామ ఉంటే పట్టుకోవడానికి ఓ చెయ్యి ఉంటుంది. మా పెద్దవాళ్లు తెలివితక్కువవాళ్లేం కాదు.

నా పేరు బిరాగో. మా ఊరి రేడియో అసుబొన్సో ఎఫ్ఎంలో ఇరవై రెండేళ్లుగా పొద్దున ఆరింటికీ, సాయంత్రం ఆరింటికీ చావు ప్రకటనలు చదువుతున్నాను. నేను ఫోన్ చేసి "హలో" అంటే చాలు, అవతలివాళ్లు "ఎవరు పోయారు?" అంటారు. నా బతుకు అలా అయింది. వంశపెద్ద కాగితం మీద సంతకం పెట్టి స్వయంగా తెచ్చివ్వందే నేను పేరు చదవను. ఒకసారి ప్రాంతంలో పెద్ద పలుకుబడి ఉన్నాయన పోతే పక్క ఊళ్ల రేడియోలన్నీ మోత మోగించాయి. నేను మాత్రం కాగితం రాలేదని రెండ్రోజులు నోరు విప్పలేదు. మా మేనేజరు జుట్టు పీక్కున్నాడు. పీక్కోనీ, అది ఆయన జుట్టు.

ఆ మేనేజరే ఇప్పుడు పొద్దున లేస్తూనే అంపోఫో పేజీ చూస్తాడు. అంపోఫో ముప్ఫై నాలుగేళ్లవాడు. ఒకప్పుడు మా దగ్గరే ఫుట్‌బాల్ స్కోర్లు చదివేవాడు. జీతం చాలలేదని మానేసి, "అసుబొన్సో లైవ్" అని ఇంటర్నెట్‌లో ఓ పేజీ పెట్టాడు. ఎక్కడ ఇల్లు కాలినా, ఎక్కడ మొగుడూ పెళ్లాం కొట్టుకున్నా ఫోను ఎత్తుకుని తయారు. మా ఊరి జనాభా తొమ్మిది వేలు. అతని పేజీ చూసేవాళ్లు ఎనభై ఆరు వేలు. ఆ మిగతా జనం ఎవరో, మా ఊరి గొడవలు వాళ్లకెందుకో నాకు ఈరోజుకీ అర్థం కాదు. "చూడు బిరాగో, కాలం ఎక్కడికి పోయిందో! మనం ఇంకా కాగితాలు పట్టుకు కూర్చున్నాం," అంటాడు మేనేజరు.

ఆ గురువారం పొద్దున ఆరింటి ప్రకటనలు చదివి స్టూడియోలోంచి బయటికొచ్చాను. టీ తాగుతూ ఫోను తెరిచాను. అంపోఫో పేజీలో వీడియో. పెద్దరోడ్డు మలుపు దగ్గర మినీబస్సు బోర్లాపడింది. పక్కన గడ్డిలో ఓ కుర్రవాడు వెల్లకిలా ఉన్నాడు. ఆ మొహం ఎలా ఉందో రాయను. వెనక ఏడుపు పాట ఒకటి పెట్టాడు. పైన ఎర్ర అక్షరాలు: "ఇతనెవరో తెలిస్తే చెప్పండి! అందరికీ పంపండి!"

కుర్రవాడి ఒంటిమీద పసుపురంగు చొక్కా, దానిమీద నీలం తాళంచెవుల బొమ్మలు. ఆ గుడ్డ మా చర్చి ఆడవాళ్ల సంఘం వార్షికోత్సవానికి ప్రత్యేకంగా వేయించుకున్నది. ఆదివారం కట్టుకోవాల్సినది. సంఘంలో మొక్కజొన్న పిండితో చేసే కెంకీ ముద్దలు అమ్మే ఫ్రెమా తనకి మిగిలిన గుడ్డతో కొడుక్కి చొక్కా కుట్టించి కుమాసీ పట్నానికి పంపింది. ఆ సంగతి నాకే కాదు, బజారంతటికీ చెప్పుకుంది. కొడుకు పేరు సార్ఫో, ఇరవై ఎనిమిదేళ్లు, కుమాసీలో కుర్చీలు, బల్లలు చేసే వడ్రంగి. అమ్మకి జతగా ఆ చొక్కా తొడుక్కుని ఆదివారం చర్చికి రావాలని బయల్దేరాడు.

వీడియో కింద అప్పటికే ఎవరో రాసేశారు: "కెంకీ ఫ్రెమా కొడుకు సార్ఫో."

అప్పుడు నేను చేసిన పని చెబుతాను. దాస్తే నా కోపానికి విలువుండదు. నాకు కన్నీళ్లొచ్చాయి. కన్నీళ్లు తుడుచుకోకముందే నా బొటనవేలు కదిలింది. "దుయె, ఫ్రెమా అక్కా," అని రాసి పంపేశాను. ఇరవై రెండేళ్లు కాగితం లేందే నోరు విప్పని దాన్ని! పైన పదిమంది అదే మాట రాసి ఉన్నారు, కింద నేనూ రాశాను. గొర్రెల మందలో గొర్రెనయ్యాను.

పావుగంటకి ఫోను మోగింది. కోకో తోటల ఊరి నుంచి న్యార్కో మామ. ఫ్రెమాకి పెద్దన్న, వాళ్ల వంశపెద్ద. నాకు సొంత మేనమామ కాకపోయినా ఊరంతా ఆయన్ని మామా అనే పిలుస్తుంది.

"బిరాగో, ఆస్పత్రివాళ్లు నాతో మాట్లాడారు. నేను బయల్దేరుతున్నా. ఈ దార్లో బండి దొరికి నేనొచ్చేసరికి మధ్యాహ్నం మూడవుద్ది. అప్పటిదాకా నా చెల్లెలి చెవిన పడనియ్యకు."

"మామా, అది..."

"ఏడేళ్ల కింద దాని మొగుడు పోయినప్పుడు ఎవడో తలమాసినోడు దార్లో అడ్డంపడి చెప్పేశాడు. కాల్తున్న కెంకీ కుండమీద పడింది. చెయ్యి చూశావుగా. ఈసారి నేనే చెప్తా, పక్కన కూర్చుని చెప్తా. నువ్వు చూసుకో."

ఫోను పెట్టేశాడు. నేను వెంటనే పేజీకెళ్లి నా దుయె తీసేశాను. నాది తీసేశాను సరే, అప్పటికి రెండొందల మంది రాశారు.

అంపోఫో ఆఫీసు అంటే పెట్రోలు బంకు వెనక ఓ గది, రెండు ఫోన్లు, ఒక గుండ్రటి దీపం. నేను వెళ్లేసరికి ఉడికించిన యాం దుంప ముక్కలు తింటూ ఎవరెవరు ఏం రాశారో చూసుకుంటున్నాడు.

"రా అక్కా, రా! చావుల రాణి మా గుమ్మంలో కాలు పెట్టిందే! ఎవర్నన్నా తీసుకుపోడానికి రాలేదు కదా?"

"వీడియో తియ్యి."

"ఏ వీడియో?"

"నీకెన్నున్నాయేంట్రా, పొద్దున్నుంచి? సార్ఫోది తియ్యి. వాళ్లమ్మకింకా తెలీదు."

అంపోఫో మొహంలో ఒక్క క్షణం ఏదో కదిలింది. మళ్లీ సర్దుకున్నాడు.

"తీసినా లాభం లేదక్కా. ఇప్పటికే ఎంతమంది దించుకున్నారో, ఎన్ని గ్రూపుల్లోకి పోయిందో. నేను తీస్తే ఇంకోడు పెడతాడు. వాడికొస్తుంది పేరు."

"పేరా? పేరు కావాలా నీకు దీంట్లో?"

"కోప్పడకక్కా. పోయినేడు లారీ కింద పడ్డాయన నాలుగు రోజులు పేరు లేకుండా ఆస్పత్రి మంచుగదిలో పడున్నాడు. ఆయన ఫలానా అని ఎవరు కనిపెట్టారు? నీ రేడియోనా, నా పేజీనా? పెళ్లాం వచ్చి నా చేతులు పట్టుకుని ఏడ్చింది. నువ్వేమో కాగితం, సంతకం అంటావు. జనం ఆగరక్కా, కాలం మారింది."

లారీ మనిషి సంగతి నిజమే. కానీ నాకు ఒళ్లు మండింది.

"మనిషెవరో కనుక్కోడానికి పగిలిన తల ఎందుకురా? వెనక ఆ పాట ఎందుకు? పేరు తెలిశాక కూడా ఎందుకు ఉంచావు? ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్ట కాల్చుకోడానికి నిప్పడిగాట్ట ఇంకొకడు. ఆ రెండోవాడివి నువ్వే."

"సరే సరే, మొహం కనపడకుండా మసక చేస్తా. సరేనా?"

నా ఎదురుగానే చేశాడు. మొహం మీద బూడిదరంగు ముద్ద పడింది. కింద పసుపు చొక్కా, నీలం తాళంచెవులు అలాగే మెరుస్తున్నాయి. కన్నతల్లి కొడుకుని గుర్తుపట్టడానికి మొహమే కావాలనుకున్నాడు కాబోలు. చొక్కా కూడా కప్పరా అంటే, "అప్పుడింక చూడ్డానికేముంది?" అన్నాడు. కావాలని అన్న మాట కాదది, నోరుజారి వచ్చిన నిజం. అంతటితో ఆగలేదు.

"సార్ఫో మేనమామ ఎన్నింటికొస్తున్నాడక్కా? ఇంటి దగ్గర మన ఆచారం ప్రకారం కబురు చెప్పడం ఎవరూ చూపించలేదు ఇంతవరకూ. మర్యాదగానే తీస్తా. మన సంస్కృతి కదా, పిల్లలకి తెలియాలి."

"ఆ ఇంటి చుట్టుపక్కల కనపడ్డావంటే నీ చావు ప్రకటన నేను కాగితం లేకుండా చదువుతా," అని వచ్చేశాను.

బజారుకి పరుగెత్తాను. అక్కడ టమాటా గంపల ఆడవాళ్లకి పెద్ద అయిన కొనాడు అనే ఆవిడ అప్పటికే రంగంలోకి దిగింది. ఆవిడ గొంతు ముందు నా మైకు దండగ. వరసలో ఉన్న ఆడవాళ్లందరి ఫోన్లూ లాక్కుని, ఖాళీ టమాటా గంపలో వేసి, పైన గుడ్డ కప్పి దానిమీద కూర్చుంది. గంపలోంచి గుర్రుమని ఒకటే మోతలు.

"మోగనీ. గుడ్లు పెట్టుకోనీ," అంది నన్ను చూసి. తర్వాత గొంతు తగ్గించింది. "అక్కకి తెలీదే. పొద్దున్నే వచ్చి కుండ దించుకుంది, అమ్ముకుంటోంది. ఫోను కూడా తీసుకున్నా."

"ఏమని తీసుకున్నావు?"

"నా ఫోను చచ్చింది, ఓసారి ఇటియ్యమన్నా. 'ఉంచుకో, దాంతో నాకివాళ పన్లేదు' అంది. బంగారం, మారుమాటాడలేదు."

ఫ్రెమా ఎప్పటి చోటనే కూర్చుని ఉంది. ఎండిన అరటాకుల్లో చుట్టి ఉడికించిన కెంకీ ముద్దలు బుట్టలో పొగలు కక్కుతున్నాయి. ఆవిడ చేతిమీద మోచేతిదాకా పాత కాలిన మచ్చ. ముద్ద తీసి ఆకు విప్పి, మిరప పచ్చడి, వేయించిన చేప పెట్టి ఇస్తోంది. ఒక్క ముద్ద అటూ ఇటూ కాలేదు.

ఆవేళ కొనడానికి వచ్చిన జనం వేరు. ఎన్నడూ మా బజారు కెంకీ ముట్టనివాళ్లు, చొక్కాలు ఇస్త్రీ చేసుకున్నవాళ్లు, పక్క ఊరి నుంచి మోటారు సైకిళ్ల మీద వచ్చినవాళ్లు. ఒక ముద్ద కొంటారు, ఆవిడ మొహంలోకి చూస్తారు, పక్కకెళ్లి గుసగుసలాడతారు, ఫోను తీసి మళ్లీ చూసుకుంటారు. కబురు తెలియని తల్లి ఎలా ఉంటుందో చూడటానికి వచ్చారు. మేక పిల్లని కోసేముందు చూసే చూపులు. ఒకడు ఫోను ఎత్తబోతే కొనాడు కుళ్లిన టమాటా గురిచూసి విసిరింది. వాడి ఇస్త్రీ చొక్కా నిండింది.

"అయ్యో, చెయ్యి జారింది నాయనా! దగ్గరకి రా, ఇంకోటి జార్చి తుడుస్తా!"

ఆడవాళ్లు నవ్వారు. ఫ్రెమా కూడా పెదవి కదిపింది. పదకొండింటికల్లా బుట్ట ఖాళీ అయింది. గురువారం నాడు రెండింటిదాకా మిగిలే సరుకు.

"ఇవాళ అందరికీ ఆకలే," అంది ఫ్రెమా బుట్ట దులుపుతూ.

నేను పక్కన పీట మీద కూర్చుని, వాన గురించి, చర్చి కుర్చీల గురించి, మొక్కజొన్న గింజలో పురుగు గురించి నోటికొచ్చింది వాగాను. రేడియోలో అంత మాట్లాడను ఎప్పుడూ. ఆవిడ ఊ కొడుతూనే ఉంది. కొడుకు ఊసు మాత్రం ఎత్తలేదు. గురువారం పొద్దున బస్సుకి వస్తాడని మూడ్రోజులుగా బజారంతా చెప్పుకున్న మనిషి, అప్పటికి ఎన్ని బస్సులు వచ్చి పోయినా ఒక్కసారి రోడ్డు వైపు తల తిప్పలేదు. దైవం మన పక్కనే ఉందనుకున్నాను, ఇంకొంచెంసేపు ఇలాగే గడిస్తే చాలనుకున్నాను. అంత తెలివితక్కువదాన్ని.

రెండింటికి ఆవిడ బుట్ట నెత్తినెత్తుకుని ఇంటికెళ్లింది. మూడింటికి న్యార్కో మామ బండి దిగాడు. నల్లటి పెద్ద బట్ట భుజం మీదుగా చుట్టుకుని, చేతికర్రతో, దుమ్ముకొట్టుకుపోయి ఉన్నాడు. డెబ్బై దాటిన మనిషి, నాలుగు బళ్లు మారి వచ్చాడు. కాళ్లు కడుక్కోమంటే వద్దన్నాడు. నేనూ కొనాడూ ఆయన వెనక నడిచాం. దారిపొడుగునా ఏం చెప్పాలో పెదాలతో అనుకుంటూనే ఉన్నాడు.

ఇంటి ముంగిట్లో అంపోఫో ఉన్నాడు! గోడకి ఆనుకుని, కుడిచేత్తో ఫోను ఎత్తి, "మిత్రులారా, మీరు చూస్తున్నది అసుబొన్సో లైవ్. మన సంప్రదాయం ప్రకారం ఒక తల్లికి..." అని మెల్లగా చెబుతున్నాడు. తెరమీద కింద నుంచి పైకి చేతుల బొమ్మలు, కన్నీటి బొమ్మలు పొంగుతున్నాయి. పదకొండు వేల మంది చూస్తున్నారని అంకె కనబడుతోంది.

న్యార్కో మామ కర్ర ఎత్తాడు. కొనాడు మీదికి ఉరికింది. నేను ఎన్ని తిట్లు తిట్టానో నాకే తెలియదు.

"ఆగండి," అంది ఫ్రెమా.

తలుపు దగ్గర నిలబడి ఉంది. స్నానం చేసి ఉతికిన బట్ట కట్టుకుంది. ముంగిట్లో పీటలు ముందే వేసి ఉన్నాయి. ఆవిడ లోపలికెళ్లి రేకు పళ్లెంలో గ్లాసుతో నీళ్లు తెచ్చింది. అన్నని దాటుకుని, నన్ను దాటుకుని, తిన్నగా అంపోఫో దగ్గరికి వెళ్లింది.

"కూర్చో నాయనా. నీళ్లు తాగు."

అంపోఫో కూర్చున్నాడు. మా దగ్గర ఎడమచేత్తో పుచ్చుకోవడం ఎదుటిమనిషి మొహాన ఉమ్మినంత తప్పు. అది అంపోఫోకి కూడా తల్లి నేర్పే ఉంటుంది. కుడిచేతిలో ఫోను ఉంది. కంగారులో దాన్ని పక్కనున్న గట్టు మీద గోడకి ఆనించి పెట్టి, కుడిచెయ్యి చాచి గ్లాసు అందుకున్నాడు. ఫోను ఆపలేదు. మాలో ఎవరమూ అది గమనించలేదు.

"ఇక్కడంతా చల్లగానే ఉంది," అంది ఫ్రెమా, ఎదురు పీట మీద కూర్చుంటూ. "నువ్వే పనిమీద వచ్చావు?"

"అమ్మా... నేను ఊరికే..."

"ఊరికే ఎందుకొస్తావు? కబురు తెచ్చావు. చెప్పు."

న్యార్కో మామ ముందుకొచ్చాడు. "చెల్లీ, కబురు తెచ్చింది నేనమ్మా. నేను చెప్తా."

"నువ్వు ఇప్పుడొచ్చావన్నయ్యా. ఇతను పొద్దున ఆరున్నరకే వచ్చాడు." ఆవిడ గొంతు పెరగలేదు. "ఆకులు చుడుతున్నా. చర్చి గ్రూపులో ఎవరో పెట్టారు, ఈ గుడ్డ మనదేనా అని. చూశా. ఆ గుడ్డ మిగిల్చి కత్తిరించింది నేనేగా, నాకు తెలీదా? తర్వాత కింద రాసినవన్నీ చదివా. దుయె, దుయె, దుయె. ఎవరికంటున్నారు? నాకే. నాతో ఇంకా ఎవరూ ఏమీ చెప్పందే! నీ పేరు కూడా ఉంది బిరాగో. పదకొండోది. తర్వాత చూస్తే లేదు."

నేను తల వంచుకున్నాను. భూమి చీలితే దూకేదాన్ని.

"తప్పయిందక్కా," అన్నాను.

"రెండొందల మంది దుయె అన్నారు, ఎవరన్నా ఒకరు వస్తారేమో అనుకున్నా. పీటలేసి, నీళ్లు పెట్టుకుని కూర్చున్నా. నీ ఇల్లు ఎంత దూరమే బిరాగో? నీదెంత దూరం కొనాడూ? ఎవరూ రాలేదు. కబురు రాందే ఏడవకూడదు కదా. కుండ ఎత్తుకుని బజారుకొచ్చా."

మేమంతా కలిసి ఆవిడ దగ్గర దాస్తున్నామనుకున్నాం. ఆవిడేమో ఆ పూటంతా మా మొహాలు చూస్తూ, ఎవరు నోరు విప్పుతారా అని కాచుకుని కూర్చుంది. నేను పక్కన కూర్చుని పురుగుల గురించి వాగాను.

ఫ్రెమా మళ్లీ అంపోఫో వైపు తిరిగింది. "ప్రపంచమంతటికీ చెప్పావుగా. నాకొక్కదానికీ చెప్పలేవా? చెప్పు నాయనా. నువ్వే ముందు చూశావు వాణ్ణి. ఎలా ఉన్నాడు? కళ్లు మూసుకుని ఉన్నాడా? ఎవరన్నా కళ్లు మూశారా వాడికి, లేక అందరూ ఫోన్లే పట్టుకున్నారా?"

అంపోఫో గ్లాసు నేలమీద పెట్టాడు. రోజుకి పదిసార్లు పదివేల మందితో మాట్లాడే మనిషి. పెదాలు రెండుసార్లు తెరిచి మూశాడు. న్యార్కో మామ, "వద్దులే చెల్లీ," అంటుంటే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"చెప్పినవాడే చెప్పాలి."

అంపోఫో పీట మీంచి జారి మోకాళ్ల మీద పడ్డాడు. "సార్ఫో పోయాడమ్మా," అన్నాడు. "కళ్లు... నేను మూయలేదమ్మా. తీస్తూ ఉన్నా."

అప్పుడు ఏడ్చింది ఫ్రెమా. పొద్దున ఆరున్నర నుంచి లోపల అదిమిపెట్టినదంతా ఒక్కసారి బయటికొచ్చింది. నేను ఇరవై రెండేళ్లలో ఎన్ని ఇళ్లు చూశానో, అలాంటి కేక వినలేదు. న్యార్కో మామ ఆవిడని రెండు చేతులా పట్టుకున్నాడు. ఆయన అంత దూరం వచ్చింది ఆ పట్టుకోవడానికే.

గట్టు మీద ఫోను ఇంకా నడుస్తూనే ఉందని కాసేపటికి కొనాడు చూసింది. తీసి నేలకేసి కొట్టింది. ఆ సాయంత్రమే అంపోఫో తన పేజీలోంచి రెండు వీడియోలూ తీసేశాడని విన్నాను. అంతమాత్రాన వెనక్కి వచ్చేది ఏముంది? పదకొండు వేల మంది దగ్గరికి పోయిన కేకని ఎవడు వెనక్కి పిలుస్తాడు?

నేను మర్నాడు న్యార్కో మామ తెచ్చిన కాగితం చూసి సార్ఫో పేరు చదివాను. ఫ్రెమా అక్క ఇంటికి మనుషులుగా వెళ్లమని, ఫోను మీద వేళ్లతో వెళ్లొద్దని కాగితంలో లేని మాట ఒకటి కలిపాను. మేనేజరు తిట్టాడు. పడ్డాను.

మూడు వారాల తర్వాత మంచుగది నుంచి సార్ఫోని తెచ్చే పనిమీద ట్రోట్రో మినీబస్సులో ఆస్పత్రి ఊరికి వెళ్తున్నాను. పక్క సీట్లో స్కూలు బట్టల్లో ఓ ఆడపిల్ల ఫోను చూసుకుంటూ పగలబడి నవ్వుతోంది. దాంట్లోంచి ఆ కేక వినిపించింది. అదే గొంతు, అదే ఊపిరి. ఎవరో ఆ ముక్క కోసుకుని, డప్పుల మోత కలిపి వదిలారు. దేశంలో కుర్రకారంతా దానికి మొహాలు పెట్టి ఆడుతున్నారు. ఈ పిల్ల చూసేదాంట్లో ఒకడు తలకి గుడ్డ చుట్టుకుని, కరెంటు పోతే మా అమ్మ ఇలా ఏడుస్తుంది అని రాసి, ఆ కేకకి నోరు కదుపుతున్నాడు. పిల్ల నవ్వు ఆపుకోలేక నా వైపు కూడా తిప్పి చూపించింది.

"అది ఎవరి ఏడుపో తెలుసా నీకు?" అన్నాను.

"ఎవరో ముసలమ్మ అత్తా," అంది. "భలే ఏడ్చింది కదా!"